భోక్తగారి గుప్పెడు శనగలు

మా ఆయన ఉద్యోగం తినడం. వేళాకోళానికి అనడం లేదు. ఎవరింట్లోనైనా తద్దినం వస్తే, పోయిన పెద్దాయన స్థానంలో ఆకు ముందు కూర్చుని భోంచేసే మనిషి కావాలి. ఆయన్ని భోక్త అంటారు. భోక్త కడుపు నిండితే పైనున్నవాళ్ళ కడుపు నిండినట్టు లెక్క. బాపట్లలో అలా కూర్చునే మనిషి మా ఆయన, లక్ష్మీనరసింహం గారు. వండే మనిషిని నేను. మడి కట్టుకుని గారెలు, పరమాన్నం, అరటికాయ కూర, అల్లం పచ్చడి నేను చేస్తాను, ఆయన తింటారు. ఇద్దరికీ కలిపి సంభావన ఇస్తారు. మొగుడికి వండిపెట్టి డబ్బు పుచ్చుకునేదానివి ఈ లోకంలో నువ్వొక్కదానివేనే అని మా చెల్లెలు నన్ను ఎగతాళి చేసేది.

ఆయన తింటూంటే చూడముచ్చటగా ఉండేది. కొందరు భోక్తలు దక్షిణ మీద ధ్యాస పెట్టుకుని గబగబా కానిచ్చేస్తారు. ఈయన అలా కాదు. పప్పులో నెయ్యి కలుపుకునే తీరు, గారె తుంచి పచ్చడికి అద్దే తీరు, పరమాన్నం దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం కళ్ళు మూసుకోవడం, ఇవన్నీ చూసి ఇంటివాళ్ళు తమ నాన్నగారే వచ్చి కూర్చున్నారని కళ్ళు తుడుచుకునేవారు. భోక్త తినేటప్పుడు నోరు విప్పి మాట్లాడకూడదు. కావాలన్నా చాలన్నా చేత్తోనే చెప్పాలి. ఈయన చెయ్యి ఎప్పుడూ కావాలనే చెప్పేది. చివర్న, తృప్తి అయిందా అని యజమాని మంత్రంలో అడుగుతాడు. అయిందని ఈయన గొంతెత్తి పలికితే ఆ ఇంటికి ఏడాదికి సరిపడా ధైర్యం వచ్చేది. అందుకే ఆయన్ని తెనాలి నుంచీ రేపల్లె నుంచీ కూడా వచ్చి పిలిచేవారు.

పుణ్యం వాళ్ళకి పోయింది, ఒళ్ళు మా ఇంటికొచ్చింది. ఏడాదికేడాదీ ఆయన పెరిగిపోతూ వచ్చారు. రిక్షావాళ్ళు ఆయన్ని చూడగానే గొలుసు ఊడిందన్నట్టు కిందికి వంగేవారు. పీటల మీద నుంచి లేవాలంటే ఒకరు చెయ్యందించాలి. నేను సణిగితే, "ఏం చెయ్యమంటావు రాజ్యం, ఆకు మీద వదిలేస్తే వాళ్ళ మనసు కష్టపడదూ?" అనేవారు. నా మనసు ఏమైపోయినా ఫర్వాలేదు కాబోలు.

1987 ఎండాకాలంలో ఆయన బొడ్డు పైన నిమ్మకాయంత బుడిపె లేచింది. దగ్గితే పైకి తేలేది, పడుకుంటే లోపలికి పోయేది. నెల తిరిగేసరికి బత్తాయంత అయింది. అప్పుడు కూడా ఆయన పంచె పైకి కట్టి దాన్ని దాచుకుని తిరిగారే గాని నాతో చెప్పలేదు. స్నానానికి వెళ్ళినప్పుడు నేను చూశాను. ఆ రోజు నేను అన్న మాటలు పక్కింటివాళ్ళకి కూడా గుర్తే ఉంటాయి. మర్నాడే తెనాలి లాక్కెళ్ళాను.

తెనాలిలో రాజారత్నం గారని పెద్ద డాక్టరు. లూథరన్ క్రైస్తవులు. నెమ్మదైన మనిషి. కడుపు నొక్కి చూసి, చేతులు కడుక్కుని, మా ఎదురుగా కూర్చున్నారు.

"పేగు ముందుకి పొడుచుకొచ్చిందమ్మా. హెర్నియా అంటారు. ఆపరేషన్ చెయ్యాలి. చెయ్యకపోతే ఏదో ఒకరోజు ఆ పేగు అక్కడే బిగుసుకుపోతుంది. అప్పుడు గుంటూరు తీసుకెళ్ళే టైం కూడా ఉండదు."

"అయితే చేసెయ్యండి బాబూ."

"ఈ ఒంటి మీద మత్తిస్తే ఆయన లేవకపోవచ్చు. లేచినా కుట్లు ఆగవు. ముందు పది కిలోలు తగ్గి రావాలి." మా ఆయన వైపు తిరిగి, "ఏం చేస్తుంటారండి?" అని అడిగారు.

మా ఆయన నా వంక చూశారు. నేను గోడ మీది కేలెండరు వంక చూశాను.

"తింటారండి," అన్నాను.

డాక్టరు గారు నవ్వారు. తరువాత నేను వివరంగా చెప్పాక నవ్వు ఆపేశారు. "మాలోనూ ఉందమ్మా ఈ బాధ. ప్రార్థన కూటానికి ఏ ఇంటికెళ్ళినా తినకుండా పంపరు. మా పాస్టరు గారికి షుగర్ మందులు నేనే రాస్తున్నాను." కాసేపు పెన్ను తిప్పుతూ ఆలోచించారు. "పని మానెయ్యమని చెప్పి మీ పొట్ట కొట్టలేను. ఒక పని చెయ్యండి. భోజనానికి ముందు గుప్పెడు వేయించిన శనగలు, పొట్టుతో సహా, నిదానంగా నమిలి తినమనండి. పైన గ్లాసుడు పల్చటి మజ్జిగ. అరగంట ఆగి భోజనానికి కూర్చోవాలి. అప్పటికే కడుపు సగం నిండినట్టుంటుంది. ఎంత వడ్డించినా సగమే తినగలరు."

తిండి తగ్గడానికి ఇంకాస్త తినమనే వైద్యం నేనెక్కడా వినలేదు. బయటికొచ్చాక ఆయనతో ఆ మాటే అన్నాను. ఆయనకి మాత్రం డాక్టరు తెగ నచ్చేశారు.

నా అనుమానం తప్పని వారం తిరక్కుండానే తేలింది. పొద్దున శనగలు వేయించి డబ్బాలో పోసేదాన్ని. ఆయన అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే నమిలేవారు. అరగంటయ్యాక ఆకు వేస్తే, రెండోసారి అన్నం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించేది. "ఏంటే ఇది, అన్నం మిగిలిపోయింది!" అని, వేరెవరో వదిలేసి వెళ్ళినట్టు ఆకు వంక చూసుకునేవారు. తెనాలి స్టేషన్లో రంగు దీపాలు వెలిగే తూకం మిషను ఉండేది. దాని మీద ఎక్కి డబ్బులు వేస్తే బరువు అచ్చయిన అట్టముక్క పడేది, వెనక జాతకం. ఆయన ముందు జాతకం చదువుకుని, నేను కళ్ళెర్రజేశాక బరువు చూసేవారు. బరువు దిగుతోంది. నాకు దేవుడి మీద కాస్త గౌరవం కలిగింది.

అయితే అది మామూలు రోజుల మాట. తద్దినం రోజున ఈ వైద్యం కుదరదు. ముందురోజు రాత్రి నుంచి భోక్త పస్తుండాలి. ఆకు ముందు కూర్చునేదాకా నోట్లో ఏమీ పడకూడదు. ఆ ఆకు పడేసరికి మధ్యాహ్నం ఒంటిగంటో రెండో అవుతుంది. రాత్రి నుంచి మాడిన మనిషి ముందు నెయ్యి కారే గారెలు పెట్టి తగ్గించి తినమంటే ఎలా తింటాడు? ఇంటి దగ్గర నాలుగు రోజుల్లో తగ్గించింది ఒక్క తద్దినంతో తిరిగొచ్చేసేది.

"ఆ రోజు కూడా నాలుగు శనగలు నోట్లో వేసుకోండి. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

ఆయనకి ఎప్పుడూ రాని కోపం వచ్చింది. "వాళ్ళ నాన్నని నా ఒంట్లోకి ఆవాహన చేసి కూర్చోబెడతారే. ఎంగిలి కడుపుతో కూర్చోమంటావా? అంతకంటే ఆ పేగేదో బిగుసుకుపోనీ."

నాకు ఒళ్ళు మండింది. అవతలివాళ్ళ నాన్నల మీద ఉన్న జాలి నా మీద లేదు కదా అని ఏడ్చాను కూడా. కానీ ఏడిస్తే లొంగే మనిషి కాదు, శాస్త్రం ఉంటే లొంగుతారు. అందుకని తెనాలిలో చెంచురామయ్య గారి దగ్గరికి తీసుకెళ్ళాను. చూపు మందగించిన ముసలాయన, ఆ చుట్టుపక్కల ధర్మసందేహం ఎవరికొచ్చినా ఆయన గుమ్మమే ఎక్కుతారు. సంగతంతా విని ఇలా అన్నారు.

"నీళ్ళు, పాలు, పండు, మందు, వీటివల్ల ఉపవాసం చెడదన్నారు పెద్దలు. అది వ్రతాలకి చెప్పిన మాట. ప్రాణం మీదికొచ్చినప్పుడు దీనికీ చెప్పుకోవచ్చు. కానీ అమ్మాయ్, శనగలు మందెలా అవుతాయి?"

"డాక్టరు గారే చెప్పారండి."

"నోటితో ఎన్నైనా చెప్తారు. చీటీ మీద రాశాడా?"

మళ్ళీ రాజారత్నం గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పగలబడి నవ్వారు. "ఇన్నేళ్ళ ప్రాక్టీసులో శనగలకి చీటీ రాయలేదమ్మా," అంటూనే రాసిచ్చారు. అవసరమైతే అరగంటకి బదులు రెండు మూడు గంటల ముందు తిన్నా ఫర్వాలేదని, శనగలు అంత తొందరగా అరగవని కూడా చెప్పారు. ఆ చీటీని చెంచురామయ్య గారు మనవరాలి చేత రెండుసార్లు చదివించుకున్నారు.

"సరే, మందే. అయితే లక్ష్మీనరసింహం, ఒక మాట. మందనుకుని తినాలి. ఆకలేసి తిన్నావో, అది తిండే."

మా ఆయన ఆ పెద్దాయన పాదాలకి దణ్ణం పెట్టారు. ఆ చివరి మాట నేను అంతగా పట్టించుకోలేదు. దొరికిందే చాలనుకున్నాను.

ఆషాఢంలో నాలుగైదు ఇళ్ళలో అలాగే జరిగింది. అన్నీ ఉద్యోగస్తుల ఇళ్ళు. తద్దినం తెమిల్చి ఎప్పుడెప్పుడు ఆఫీసుకి పరిగెడదామా అని చూసే యజమానులు, భోక్త తక్కువ తింటే పని తొందరగా అయిందని సంతోషించారు. నేను పొయ్యి దగ్గర నుంచి తొంగి చూసి, ఆయన చెయ్యి ఆకుకి అడ్డం పెట్టిన ప్రతిసారీ లోపల్లోపల పొంగిపోయాను. ఆడదాన్ని, వంటదాన్ని, నేను వండింది వద్దన్నందుకు అంత మురిసిపోయిన రోజులు నా జన్మలో లేవు.

శ్రావణమాసం వచ్చేసరికి ఏడు కిలోలు దిగారు. మరుసటి వారం రేపల్లెలో ఒక తద్దినం ఉందని డాక్టరు గారికి చెప్పాం. రాజారత్నం గారు భుజం తట్టారు. "శ్వాస బాగుంది. ఇంకొక్క కిలో దిగినా చాలు, మిగతా సంగతి నేను చూసుకుంటాను. రేపల్లె నుంచి వచ్చేటప్పుడు ఇటే దిగి నాకు కనపడండి. ఆపరేషన్ తారీకు వేసేస్తాను. భాద్రపదంలో మీకు మహాలయ పక్షాలు కదా, పదిహేను రోజులూ పిలుపులే. ఆ లోపే అయిపోవాలి."

ఆ వారం ఆయన్ని నేను గాలి కూడా లెక్కపెట్టి పీల్చుకోమన్నాను. బయల్దేరే రోజు తెనాలి స్టేషన్లో మిషను ఎక్కితే ఆ కిలో కూడా దిగింది. నాకు అక్కడే ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఏడవాలనిపించింది. ఇంక ఒక్క తద్దినం. అందులో సగం ఆకు తిని లేస్తే, మర్నాడు సాయంత్రానికి తారీకు చేతిలో ఉంటుంది. ఆ రోజే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి ఉండాల్సింది. కానీ భోక్త కాబట్టి మా ఆయన ఆ సాయంత్రానికే రేపల్లెలో ఉండాలి.

రేపల్లెలో మమ్మల్ని పిలిచింది వేంకటేశ్వర్లు గారు, స్కూలు మాస్టరు. వాళ్ళ నాన్న పున్నారావు గారి తద్దినం. ఆ ఇంటికి మేం వెళ్తున్నది అది నాలుగో ఏడు. వాళ్ళమ్మ అమ్మాజీ గారు తెల్లటి, చిన్న మనిషి. ఎక్కువ మాట్లాడరు. ప్రతి ఏడూ భోజనాల వేళకి వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, ఆకు వంకే చూస్తూ ఉంటారు. అయిపోగానే లేచి వెళ్ళిపోతారు. నేను ఆవిడ్ని పిన్నిగారూ అని పిలుస్తాను.

మర్నాడు పొద్దున, యజమాని స్నానానికి వెళ్ళిన సమయం చూసి, పెరట్లో నూతి వెనక ఆయన చేతిలో శనగలు పోశాను. చీటీ కూడా తెచ్చారు. దాన్ని ఒకసారి కళ్ళకద్దుకుని జేబులో, అంటే పంచె మడతలో, పెట్టుకున్నారు. తూర్పుకి తిరిగి తింటున్నారు. త్వరగా కానివ్వండి అని నేను లోపలికొచ్చేశాను. మినప్పప్పు రుబ్బాల్సింది ఉంది.

మధ్యాహ్నం కార్యక్రమం మొదలైంది. విశ్వేదేవతల స్థానంలో సుందరరామయ్య గారు కూర్చున్నారు. పుల్లలా ఉండే మనిషి, పన్నెండు గారెలు అవలీలగా తినగలరు, అవి ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలీదు. పితృస్థానంలో మా ఆయన. మంత్రాలయ్యాయి. వడ్డన నాదే. అన్నం, పప్పు, కూరలు, పచ్చళ్ళు, గారెలు, పరమాన్నం. నెయ్యి మాస్టారు పోశారు. నేను వంటింట్లోకి వచ్చి రెండో వాయి గారెలు తీస్తున్నాను. అమ్మాజీ గారు తన పీట మీద ఉన్నారు.

ఆయన తినడం మొదలుపెట్టారు. పప్పయింది. కూరలు కొసరు లేకుండా అయ్యాయి. ఉన్న గారెల్లో సగం తిన్నారు. మాస్టారు పళ్ళెంతో మళ్ళీ వెళ్ళారు. మా ఆయన ఎడమచెయ్యి ఒళ్ళో ఉంచుకుని, కుడిచెయ్యి ఆకుకి అడ్డంగా పెట్టారు. మాస్టారు ఇంకోసారి వంగారు. ఆ చెయ్యి తియ్యలేదు.

భేష్, అనుకున్నాను నేను. సాయంత్రం డాక్టరు గారికి ఏం చెప్పాలో కూడా అనేసుకున్నాను.

గుమ్మం దగ్గర చిన్న శబ్దమైంది. ముందు దగ్గేమో అనుకున్నాను. చూస్తే అమ్మాజీ గారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు.

"ఏంటి పిన్నిగారూ? పొగ పట్టిందా?"

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "అలాగే పెట్టారమ్మా చెయ్యి. అచ్చం అలాగే."

నాకేమీ అర్థం కాలేదు. గరిటె పక్కన పెట్టి ఆవిడ దగ్గర కూలబడ్డాను.

"మా ఆయనకి షుగర్ వ్యాధమ్మా," అన్నారు ఆవిడ. గొంతు తగ్గించాలని చూస్తున్నారు గాని తగ్గడం లేదు. "ఏమీ పెట్టొద్దన్నాడు డాక్టరు. నేను గట్టిదాన్ని. వంటింటికి తాళం వేసేదాన్ని. ఎంత బతిమాలినా పెట్టేదాన్ని కాదు. బతికించుకుంటున్నాననే అనుకున్నాను. ఆ ఏడు వరలక్ష్మీ వ్రతం నాడు గారెలు చేశాను. వాసనకి లేచి వచ్చి, ఒక్కటే పెట్టవే అన్నారు. ఒక్కటేనమ్మా అడిగింది. నేను గోధుమరొట్టె తెచ్చి పెట్టాను. చెయ్యి అలా అడ్డం పెట్టి లేచిపోయారు. ఆ తరవాత నాతో మాట్లాడలేదు. పక్షం తిరక్కుండా పోయారు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"మీ ఆయన ఇక్కడ కూర్చుని గారెలు కడుపారా తింటూంటే, పోనీలే, నా మీద కోపం పోయింది, తింటున్నారు అనుకునేదాన్ని. ఏడాదికొకసారి ఆ పూట కోసమే ఉన్నాను. ఇవాళ మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టారు. ఇంకా కోపం పోలేదమ్మా. నేను చచ్చి అక్కడికెళ్ళినా నాతో మాట్లాడరు."

"అది కాదు పిన్నిగారూ," అన్నాను. అని ఆగిపోయాను.

ఏది కాదు? మా ఆయన చెయ్యి అడ్డం పెట్టింది పున్నారావు గారి కోపం వల్ల కాదు, పొద్దున నూతి వెనక శనగలు తిన్నందువల్ల అని చెప్పనా? చెప్తే ఆ ముసలిప్రాణానికి ఊరటేనా? భోక్త తిని కూర్చున్నాడు, తద్దినం తద్దినమే కాలేదు, పున్నారావు గారు రానేలేదు అని ఆవిడకి ఇంకో ఏడుపు. చీటీ చూపించనా? మంత్రాలు చెప్పిస్తున్న పురోహితుడు చీటీ ఒప్పుకుంటాడా? చెప్పకపోతే, ఆవిడ ఇలా ఏడుస్తూనే ఉంటుంది. ఎటు కదిలినా ఆవిడకే తగులుతుంది. కదలకుండా ఉంటే నా మొగుడు దక్కుతాడు. నాకు నోరుందని ఊరంతా అంటారు. ఆ పూట అది ఎందుకూ పనికిరాలేదు.

వంటింటికీ హాలుకీ మధ్య గుమ్మమే గాని తలుపు లేదు. నేను తలెత్తి చూసేసరికి మా ఆయన ఇటే చూస్తున్నారు. ఆయనకి ప్రతి మాటా వినపడింది. ఆయన నోరు విప్పడానికి లేదు. సుందరరామయ్య గారు నములుతున్నవారు నమలడం ఆపారు. మాస్టారు పళ్ళెం పట్టుకుని, అమ్మ వంకా ఆకు వంకా చూస్తూ చంటిపిల్లాడిలా నిలబడిపోయారు.

నేను లేచి బాణలిలోంచి అప్పుడే తీసిన గారెలు పళ్ళెంలో పెట్టుకుని హాల్లోకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ నాకు తెలీదు. వడ్డించకూడదు, వడ్డించకూడదు అనుకుంటూనే వెళ్ళాను. ఆకు ముందు వంగాను. ఆయన చెయ్యి ఇంకా అడ్డంగానే ఉంది. వద్దని నేను కళ్ళతో చెప్పానో, పెట్టనా అని అడిగానో, ఆయన ఏమని అర్థం చేసుకున్నారో. మెల్లగా చెయ్యి తీసేశారు.

ఒక గారె పెట్టాను. ఆయన తుంచి పచ్చడికి అద్ది తిన్నారు. ఇంకొకటి పెట్టాను. అదీ తిన్నారు. నుదుటి మీద చెమటలు పడుతున్నాయి. పరమాన్నం దగ్గర ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నారు. ఆకలి లేకుండా తినడం ఎంత కష్టమో అప్పుడు చూశాను. అయినా ప్రతి గారెనీ మొదటి గారెలాగే తిన్నారు. ఆకు మీద ఏమీ మిగలకుండా, కొసరు కూడా అడిగి. పెట్టింది నేనే. నా చేత్తోనే.

మాస్టారు, తృప్తి అయిందా అని అడిగారు. అయిందని మా ఆయన పలికిన గొంతు వీధిలోకి వినపడి ఉంటుంది.

అమ్మాజీ గారు అక్కడే గుమ్మానికి తలానించి కళ్ళు మూసుకున్నారు. కొంతసేపటికి లేచి, సర్దుకుంటున్న నా దగ్గరికి వచ్చి, నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నారు.

"తిన్నారమ్మా. చూశావుగా, ఎలా తిన్నారో. ఒక మాట చెప్తాను విను అమ్మాయ్. మీ ఆయన ఏది అడిగితే అది చేసి పెట్టు. కాదనకు. నాలాగ చెయ్యకు."

"అలాగేనండి," అన్నాను. ఇంకేమనను?

సాయంత్రం తెనాలి రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. పంచె మీద నుంచి ఒక చెయ్యి బుడిపె మీద పెట్టుకున్నారు. ముఖం పాలిపోయి ఉంది. నొప్పిగా ఉందా అంటే లేదన్నారు. కాసేపటికి మళ్ళీ అడిగాను. మళ్ళీ లేదన్నారు.

"డాక్టరు గారి దగ్గరికి వెళ్దాం. ఒక్క పూటకి ఏం కాదు, ఆయన ఏమీ అనరు," అన్నాను.

"ఇంక ఆ శనగలు వద్దు రాజ్యం."

"చీటీ ఉందిగా. చెంచురామయ్య గారే ఒప్పుకున్నారుగా."

"మందనుకుని తినమన్నారు." ఆయన బయటికి చూస్తూ చెప్పారు. "పొద్దున నేను మందనుకుని తినలేదు. రాత్రి నుంచి ఏమీ లేదేమో, ఆకలేసింది. కమ్మగా వేయించావు. ఆకలేసే తిన్నాను. అందుకే ఆవిడ అలా ఏడవాల్సొచ్చింది."

"మీరు తిన్న శనగలకీ ఆవిడ మొగుడికీ ఏంటండి సంబంధం?" అని అరిచాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు. "రేపు మీకేదైనా అయితే? నేనెక్కడికి పోను?"

ఇంక అరవడానికి నాకు ఓపిక లేకపోయింది. ఆయన్ని ఆపితే నేను అమ్మాజీ గార్ని అవుతాను. ఆపకపోతే అంతకంటే తొందరగా అమ్మాజీ గార్ని అవుతాను. ఎవడో ముక్కూమొహం తెలియని మనిషి ఈయన పేరు మీద ఆకు ముందు కూర్చుంటాడు. వాడు ఎన్ని తింటాడా అని నేను గుమ్మంలో పీట వేసుకుని లెక్కపెట్టుకుంటూ ఉంటాను. ఈ ఆలోచన వచ్చాక దాన్ని తోసెయ్యడం నా చేతకాలేదు.

తెనాలిలో దిగాం. డాక్టరు గారి ఇంటికి పోయే దారి స్టేషను బయటే ఉంది. ఆయన అటు చూడలేదు. పదండి అని నేనూ అనలేదు. బాపట్ల వెళ్ళే ప్యాసింజరు ఆగి ఉంటే అందులో ఎక్కి కూర్చున్నాం. తద్దినం తిన్నరోజు రాత్రి భోక్తకి భోజనం లేదు కాబట్టి ఇంటికెళ్ళి వండే పని కూడా లేదు.

పొన్నూరు దాటాక అడిగాను. "రేపు ఏం కూర చెయ్యమంటారు?"

మూడు నెలలుగా ఆయన్ని ఆ మాట అడగలేదు. నేను చేసిందేదో పెట్టడం, ఆయన తినడం. ఆయన నమ్మలేనట్టు నా వంక చూశారు.

"ఏదైనానా?"

"ఏదైనా."

"గుత్తివంకాయ చేస్తావా?" అన్నారు, చిన్నపిల్లాడిలాగ, చేస్తానో చెయ్యనో అన్నట్టు. "నూనె కాస్త ఎక్కువ వేసి."

చేస్తానన్నాను. ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు చూడలేక నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, బాపట్ల వచ్చేదాకా ఏడుస్తూనే కూర్చున్నాను.